ఉబ్బసమునకు పీల్చుమందు: వాడుకయందలి మెలకువలు

వరి కల్లములో తూర్పారబట్టునప్పుడు లేచు నుసియు, దాళ్వా కోతల పిమ్మట చేలలో తగులబెట్టిన గడ్డి పొగయు, చేపల చెఱువు గట్టున తవుడును సంచుల కెత్తునప్పుడు ముక్కున కెక్కు దుమ్మును మన ప్రాంతపు కర్షకులకు క్రొత్తవి కావు. తాడేపల్లిగూడెము బియ్యపు మిల్లులయొద్ద ఊక ధూళియు, ఏలూరి తివాచీ మగ్గములయొద్ద ఉన్ని నుసియు, కొల్లేటి లంకలలో చలికాలపు మంచును ఆయాస రోగులకు శత్రువులే. అట్టి రోగుల చేతికి నేడు వైద్యులు పీల్చుమందు నిచ్చుచున్నారు. ఆ మందు మంచిది. కాని దానిలో ఏది ఎప్పుడు వాడవలెనో, ఎట్లు పీల్చవలెనో తెలియక పలువురు దాని ఫలమును పోగొట్టుకొనుచున్నారు. కొందఱు ప్రాణాపాయమును గూడ తెచ్చుకొనుచున్నారు. ఎరువు ఎంత మంచిదైనను అదనున, తగిన మోతాదున, వేరున కందునట్లు వేయనిచో పైరునకు మేలు లేదు గదా. మందును అంతియే. కావున ఈ విషయమును సంఘసభ్యులకు విశదపఱచుట యుక్తమని తలచి యీ వ్యాసమును ప్రకటించుచున్నాము.

ముఖ్యమైన వ్యాధులు రెండు

దీర్ఘకాలము ఆయాసము కలిగించు వ్యాధులలో మొదటిది ఉబ్బసము. ఇందు శ్వాసనాళముల లోపలిపొర వాచి, కొద్దిపాటి ధూళికిని చలికిని గూడ సహింపలేని స్థితికి వచ్చును. నాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును, కఫము పేరుకొనును. అందువలన రొమ్ము పట్టినట్లుండి పిల్లికూతలు వినవచ్చును. ఈ బాధ వచ్చుచు పోవుచు నుండును. రాత్రివేళను, తెల్లవారుజామునను హెచ్చుగా నుండును. చిన్నతనముననే ఆరంభమగుటయు కద్దు.

రెండవది వైద్యులు సి.ఓ.పి.డి. యని పిలుచునది. దీనిని దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి యనవచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టు పెక్కేండ్లు త్రాగినవారికిని, కట్టెలు పిడకలు మండు పొయ్యియొద్ద చిరకాలము వంటచేసిన స్త్రీలకును, నిరంతరము ధూళిలో పనిచేయువారికిని ఇది సాధారణముగా నలువది యేండ్లు దాటిన పిమ్మట బయటపడును. ఇది పూర్తిగా విడువక క్రమముగా ముదురును. చుట్ట ముట్టని తల్లికి ఈ వ్యాధి ఎట్లు వచ్చెనని ఆశ్చర్యపడువారు ఆమె వంటయింటి గోడల మసిని చూచిన చాలును.

2016వ సంవత్సరమునకు వేసిన యంచనా ప్రకారము మన దేశమున ఈ రెండవ వ్యాధి గలవారు 5 కోట్ల 53 లక్షలమంది, ఉబ్బస రోగులు 3 కోట్ల 79 లక్షలమంది యుండిరి. ఇది ఏదో కొద్దిమంది బాధగా నెంచదగినది కాదు.

అయినను పిల్లికూత లన్నియు ఉబ్బసము కావు. మన డెల్టా జిల్లాలలో చిరకాలముగా నున్న బోదకాలు వ్యాధి క్రిములవలన కొందఱికి రాత్రివేళ దగ్గు, ఆయాసము కలిగి, అచ్చముగా ఉబ్బసమువలెనే కానవచ్చును. రక్తపరీక్షలో ఇసినోఫిలు కణములు మిక్కిలి పెరిగియుండుట దానికి గుర్తు. దానికి వాడు డైఇథైల్ కార్బమజీను మందు 1947 ప్రాంతమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినది. ఆయన 1895లో మన భీమవరమున జన్మించినవారే. అట్లే రెండు వారములకు మించిన దగ్గునకు క్షయపరీక్ష చేయించుట అవసరము. కావున పీల్చుమందు ఆరంభించుటకు ముందు వైద్యునిచే వ్యాధిని నిర్ధారణ చేయించుకొనవలెను. గొట్టములో బలముగా ఊదించి శ్వాసను కొలుచు పరీక్ష ఒకటి కలదు. అది ఈ రెండు వ్యాధులను గుర్తించుటకు మిక్కిలి తోడ్పడును. పొరుగువారికి నయమైనదని వారి మందును తెచ్చి వాడుట తగదు.

పీల్చుట యెందులకు?

మందును పీల్చుట పాశ్చాత్యుల నుండి వచ్చిన క్రొత్త పద్ధతియని కొందఱు తలతురు. 1802 ప్రాంతమున చెన్నపట్టణమున వైద్యాధికారిగా నుండిన జేమ్స్ ఆండర్సను అనువారు ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చు నీ దేశపు చికిత్సను జనరల్ జెంట్ అను నతనికి తెలుపగా, అతడు దానిని బ్రిటనుకు కొనిపోయెను. అటుపిమ్మట ఉమ్మెత్త చుట్టలు ఆ దేశమున నూఱేండ్లకు పైగా అమ్ముడుపోయినవి. కాని ఉమ్మెత్త విషము. మోతాదు నిర్ణయింప వీలులేనిది. పొగ యూపిరితిత్తులకు చేటు. దానిని నేడెవ్వరును వాడరాదు. నాటివారి యాలోచన మాత్రము సరియైనదే: జబ్బు ఎచ్చట నున్నదో మందు అచ్చటికే చేరవలెను.

మోతాదు కొలిచి వెడలించు నొక్కుడు ఇన్‌హేలరు 1956లో అమెరికాలోని రైకర్ ప్రయోగశాల నుండి వచ్చినది. ఆ సంస్థాధిపతి జార్జి మెయిసను గారి కుమార్తె ఉబ్బస రోగి. తలకు జల్లుకొను ద్రవ్యము డబ్బానుండి వచ్చునట్లు తన మందేల రాకూడదని ఆ బాలిక అడిగిన ప్రశ్నయే దానికి మూలమని చెప్పుదురు.

దీని లాభము లెక్కవలన తెలియును. సాల్బుటమాలు మాత్ర యొక్కటి 4 మిల్లీగ్రాములు, అనగా 4,000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలరును ఒకమారు నొక్కినచో వచ్చునది 100 మైక్రోగ్రాములు మాత్రమే. ఒక మాత్రలోని మందు నలువది నొక్కులకు సమానము. మాత్ర కడుపులో పడి, రక్తమున కలిసి, ఒడలంతయు తిరిగి ఊపిరితిత్తులకు చేరును. అందువలన గుండెదడయు చేతివణుకును హెచ్చు. పీల్చుమందు నేరుగా చేరవలసిన చోటికే చేరును. కావున "పంపు బలమైన మందు, మాత్ర తేలికైనది" యను మాట తలక్రిందులైనది.

ఉపశమన మొకటి, నివారణ మొకటి

ఈ వ్యాసమున సభ్యులు గుర్తుంచుకొనవలసిన ముఖ్యాంశము ఇదియే. పీల్చుమందులు రెండు జాతులు. సాల్బుటమాలు వంటిది ఉపశమనపు మందు. అది బిగిసిన కండరమును కొద్ది నిమిషములలో సడలించును. నాలుగైదు గంటలలో దాని పని ముగియును. అది వాపును తగ్గింపదు. బుడెసొనైడు, బెక్లోమెథసోను వంటివి నివారణపు మందులు. ఇవి స్వల్పమోతాదు స్టిరాయిడులు. వీనివలన తక్షణ సుఖము తోచదు. కాని దినదినమును వాడినచో కొన్ని దినములలో, వారములలో లోపలి వాపు తగ్గి, ఆయాసము వచ్చుటయే తగ్గును.

తక్షణ సుఖమిచ్చు దానిని మెచ్చి, సుఖము తోచని దానిని మూలబెట్టుట మానవ స్వభావము. గండి పడినపుడెల్ల ఇసుక బస్తాలు వేయుచు, గట్టును మాత్రము బాగుచేయని రైతు చెఱువును నిలుపుకొనలేడు. 1960వ దశకమున ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు మున్నగు దేశములలో ఉబ్బస మరణములు హఠాత్తుగా పెరిగినవి. ఆ కాలమున తీవ్రమైన ఐసోప్రినలీను ఉపశమన ఇన్‌హేలరులు విరివిగా వాడబడుచుండెను. ఆ మందు తీవ్రతయు, దానిని నమ్ముకొని రోగులు వైద్యుని యొద్దకు ఆలస్యముగా పోవుటయు కారణములని విచారించిన వారు భావించిరి. 1967లో హెచ్చరికలు వెలువడిన పిమ్మట మరణములు తగ్గినవి.

ప్రపంచ దేశముల వైద్యులు కూడి ఉబ్బస చికిత్సకు సూత్రములు వ్రాయు గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్త్మా అను సంస్థ 2019లో స్పష్టముగా ప్రకటించిన దేమనగా: పండ్రెండేండ్లు దాటిన యే ఉబ్బస రోగికిని ఉపశమనపు మందు మాత్రమే యిచ్చుట తగదు, స్టిరాయిడు పీల్చుమందు తప్పక తోడుండవలెను. రెండువందల నొక్కుల ఉపశమనపు డబ్బాలు ఏటికి మూడుగాని అంతకు మించిగాని ఖర్చగువారికి తీవ్రమైన ఉబ్బసపు పోట్లు హెచ్చనియు, పండ్రెండు దాటువారికి మరణభయము హెచ్చనియు ఆ సంస్థ తెలిపినది. కావున డబ్బాల లెక్క వ్రాసికొనుడు. వారమునకు రెండుమార్లకు మించి ఉపశమనపు మందు అవసరమగుచున్నచో, లేదా రాత్రివేళ ఆయాసముతో మెలకువ వచ్చుచున్నచో, ఉబ్బసము అదుపులో లేదని తెలిసికొని వైద్యుని చూడవలెను.

సి.ఓ.పి.డి. చికిత్స కొంత వేఱు. దానిలో నాళములను చాలసేపు తెఱచియుంచు టియోట్రోపియము వంటి మందులే ప్రధానము. స్టిరాయిడు కొందఱికే అవసరము, అనవసరముగా వాడినచో న్యుమోనియా భయము కొంత హెచ్చు. కంటినీటి యొత్తిడి వ్యాధిగాని, మూత్రము బిగియు బాధగాని యున్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను.

రెండు మందులు కలిసిన ఇన్‌హేలరులును కలవు. బుడెసొనైడు, ఫార్మోటెరాలు కలిసిన దానిని నివారణకును, వైద్యుడు చెప్పినచో తక్షణ ఉపశమనమునకును వాడవచ్చును. సాల్మెటెరాలు కలిసినది అట్లు ఆపదకు పనికిరాదు. కావున "నా పంపు ఏ జాతిది?" యని ప్రతి రోగియు అడిగి, పైన కాగితము అంటించి, "దినమును వాడునది", "ఆపదకు వాడునది" అని తెలుగున వ్రాసికొనవలెను.

నొక్కుడు ఇన్‌హేలరు వాడు విధము

మూత తీసి, లోపల నలకలు లేకుండ చూచి, డబ్బాను బాగుగా కుదుపవలెను. క్రొత్తదైనను, కొన్నాళ్లుగా వాడనిదైనను దానితో వచ్చిన కాగితమున చెప్పినట్లు గాలిలోనికి కొన్నిమార్లు నొక్కి చూడవలెను. నిటారుగా కూర్చుండి లోని యూపిరి మెల్లగా వదలవలెను. ఇన్‌హేలరు మూతిని పండ్ల నడుమ నుంచి పెదవులతో గాలిపోకుండ మూయవలెను. నోటితో మెల్లగా పీల్చుట ఆరంభించి, ఆ క్షణమున డబ్బాను ఒక్కమారు నొక్కి, పీల్చుట ఆపక రొమ్ము నిండువఱకు పీల్చవలెను. పిమ్మట పది అంకెలు లెక్కించునంతసేపు ఊపిరి బిగబట్టవలెను. రెండవమారు వలసినచో అర నిమిషము మొదలు నిమిషము వఱకు తాళి, మరల కుదిపి పై విధముగనే చేయవలెను.

నొక్కుటయు పీల్చుటయు ఒక్కసారి కుదురుట కష్టము. నొక్కినపుడు నోటివెంటను ముక్కువెంటను తెల్లని పొగ బయటికి వచ్చినచో మందు గాలి పాలైనదని యెఱుగునది. వృద్ధులకును పిల్లలకును ఇట్టి చిక్కు లేకుండ స్పేసరు అను ప్లాస్టికు గది కలదు. మందు మొదట అందు నిలిచి, పిమ్మట నిదానముగా పీల్చబడును. గొంతులో పేరుకొనునది తగ్గి, ఊపిరితిత్తులకు చేరునది పెరుగును. దీనిని సబ్బునీటిలో కడిగి, గుడ్డతో తుడువక గాలికి ఆరబెట్టవలెను. స్పేసరు కొనలేనివారు నిరాశపడ నక్కఱలేదు. దక్షిణాఫ్రికాలోని కేపుటౌనున పిల్లలపై పరీక్షించి 1999లో ప్రకటించిన పరిశోధనలో, అర లీటరు ప్లాస్టికు సీసా అడుగున ఇన్‌హేలరు బిగువుగా పట్టునట్లు రంధ్రము చేసి, సందు మూసి వాడిన గది, కొన్న స్పేసరుతో సమానముగా పనిచేసినది.

స్టిరాయిడు మందు పీల్చిన ప్రతిసారియు నోటిని నీటితో పుక్కిలించి ఉమియవలెను, మ్రింగరాదు. లేనిచో నోటిలో తెల్లని పూత పట్టుటయు, గొంతు బొంగురుపోవుటయు కలుగును. పండ్లు తోముకొనుటకు ముందు మందు పీల్చు అలవాటు చేసికొనినచో ఈ పని మఱవకుండ జరుగును.

పొడి ఇన్‌హేలరు

గొట్టములో బిళ్ల నుంచి త్రిప్పి పొడిని పీల్చు సాధనము మన ప్రాంతమున హెచ్చుగా కనబడును. దీనికి విధానము వేఱు. నొక్కుడు ఇన్‌హేలరును మెల్లగా పీల్చవలెను. పొడిని బలముగా, వేగముగా, లోతుగా పీల్చవలెను. ఊపిరిని గొట్టములోనికి ఊదరాదు. తేమ తగిలి పొడి ముద్దకట్టును. బిళ్లను మాత్రవలె మ్రింగరాదు. పీల్చిన పిదప బిళ్లను చూచి, పొడి మిగిలియున్నచో మరల పీల్చవలెను. కొల్లేటి యొడ్డున వానకాలపు తేమకు బిళ్లలు చెడును గావున వానిని వాడబోవు క్షణమువఱకు తమ సీసాలోనే మూతబిగించి యుంచవలెను. తడిచేతితో తాకరాదు. పొడి కంటిలో పడకుండ చూచుకొనవలెను. ఆయాసము తీవ్రమైనపుడు బలముగా పీల్చుట సాధ్యపడదు గనుక, ఆపదకు స్పేసరుతో నొక్కుడు ఇన్‌హేలరు ఇంట నుండుట మేలు.

లెక్కయు భద్రతయు

డబ్బాలో 200 నొక్కులున్నవనుకొందము. ఉదయము రెండు, రాత్రి రెండు వాడినచో దినమునకు నాలుగు. ఏబది దినములకు మందు ముగియును. ఆ పిదపను నొక్కినచో చప్పుడు వచ్చును, గాలి వచ్చును, మందు రాదు. నీటిలో తేల్చి చూచుట నమ్మదగిన పరీక్ష కాదు. లెక్క చూపు అంకెలు డబ్బామీద లేనిచో ఆరంభించిన తేదీని దానిమీద వ్రాసి, ముగియు తేదీని పంచాంగమున గుర్తుపెట్టుకొనుడు. రోహిణికార్తె యెండలో ట్రాక్టరు పెట్టెలోగాని మోటారు బండిలోగాని డబ్బాను వదలరాదు. ఖాళీ డబ్బాను పొడువరాదు, నిప్పులో వేయరాదు, అది పేలును.

కొన్ని భ్రమలు

"పంపు అలవాటు పడినచో విడువదు" అనుట మిక్కిలి ప్రచారములో నున్న భయము. విడువనిది వ్యాధి, మందు కాదు. చత్వారము గలవాడు దినమును కండ్లద్దములు పెట్టుకొనుట వ్యసనము కాదు గదా. వ్యాధి చాలకాలము అదుపులో నున్నచో వైద్యుడే మోతాదు తగ్గించును, స్వయముగా మానరాదు. గర్భిణులును వైద్యుని సలహాతో మందు కొనసాగింపవలెను. మానినచో కలుగు ఆయాసమే తల్లికిని శిశువునకును హెచ్చు ప్రమాదము.

పీల్చు స్టిరాయిడునకు భయపడి, అంగడిలో నడిగి తెచ్చిన స్టిరాయిడు మాత్రలను నెలల తరబడి మ్రింగువారు కలరు. ఎముకలు గుల్లబారుట, చక్కెర వ్యాధి, కంటి పొర మున్నగునవి వానివలననే హెచ్చుగా కలుగును. అట్లు చిరకాలము వాడినవారు హఠాత్తుగా మానుటయు ప్రమాదము. వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గింపవలెను. పేరు, కూర్పు లేని పొట్లపు పొడులును నమ్మదగినవి కావు.

హైదరాబాదున మృగశిర కార్తె ప్రవేశించునపుడు బత్తినివారి కుటుంబము పంచిపెట్టు చేపమందుకు మన జిల్లాలనుండియు ప్రజలు పోవుచుందురు. పసుపువన్నె ముద్దను చిన్న కొఱ్ఱమీను పిల్ల నోట నుంచి బ్రతికియుండగనే మ్రింగింతురు. ఈ వాడుక 1845 నుండి కలదని ఆ కుటుంబము చెప్పును. దాని కూర్పు వెల్లడి చేయబడలేదు. దాని ఫలమును నిరూపించిన శాస్త్రీయ ప్రయోగము లేదు. విశ్వాసముతో పోవువారిని పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని ఒక్క మాట గట్టిగా చెప్పుచున్నాము: అచ్చటికి పోవు దినమునను, వచ్చిన దినమునను, పిమ్మటను పీల్చుమందు మానరాదు, ఉపశమనపు డబ్బా జేబులో లేక ఆ జనసమ్మర్దములోనికి పోరాదు.

ఆపత్కాలమున

ఒక వాక్యము పూర్తిగా పలుకలేకుండుట, పెదవులు నీలివన్నె కెక్కుట, పక్కటెముకల నడుమ చర్మము లోనికి లాగబడుట, మగతగా నుండుట, ఉపశమనపు మందు పనిచేయకుండుట, లేదా దాని సుఖము త్వరలోనే తీరిపోవుట, ఇవి ప్రాణాపాయ సూచనలు. వెంటనే 108కి ఫోను చేయవలెను. రోగిని పండుకొనబెట్టక ముందునకు వంగి కూర్చుండబెట్టవలెను. ఉబ్బస రోగికి స్పేసరుతో సాల్బుటమాలు ఒక్కొక్క నొక్కుగా నాలుగు మొదలు పదివఱకు ఇచ్చి, అవసరమైనచో ఇరువది నిమిషముల కొకమారు మొదటి గంటలో మరల ఇయ్యవచ్చును. ఇది ఆసుపత్రికి పోవు లోపల చేయవలసిన పనియే కాని ఆసుపత్రికి బదులు కాదు. లంక గ్రామముల నుండి పట్టణము చేరుటకు కాలము పట్టును గనుక తెల్లవాఱనిమ్మని యాగరాదు.

సంఘములు చేయదగినది

మందు పీల్చు నేర్పు ఒక్కమారు చూచినంత మాత్రమున నిలువదు. ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని వైద్యుని చూచునపుడెల్ల ఇన్‌హేలరును తీసికొనిపోయి ఆయన యెదుట పీల్చి చూపవలెను. ప్రతి సంఘమును ఏడాదికొకమారు, సార్వా నూర్పులకు ముందు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఆహ్వానించి సభ్యుల చేత మందు పీల్పించి తప్పులు దిద్దించినచో గొప్ప యుపకారమగును. ఎరువుల గిడ్డంగిలోను తవుడు కొట్టులోను పనిచేయువారికి ముక్కుముసుగు లిచ్చుట, గడ్డి తగులబెట్టక పశువుల మేతకు కట్టలు కట్టించుట, కట్టెల పొయ్యి మాన్పించుట, చుట్ట విడిచినవారిని మెచ్చుకొనుట గూడ చికిత్సలో భాగములే. పొగ మానక పీల్చుమందు వాడుట తూము తెఱచియుంచి చెఱువు నింపుట వంటిది.

సభ్యులారా! మీ యింట పీల్చుమందు వాడువారున్నచో ఈ రాత్రియే వారి డబ్బాలను బయటికి తీసి చూడుడు. అందు ఉపశమనపు దొక్కటియే యున్నచో, నివారణపు మందు విషయమై రేపే వైద్యుని నడుగుడు. రెండును ఉన్నచో, అరిగినది ఏదియో, దుమ్ముపట్టినది ఏదియో గమనింపుడు. నివారణపు డబ్బా అరిగి, ఉపశమనపు డబ్బా నిండుగా నున్న యిల్లే ఆరోగ్యముగల యిల్లు.